రెండు నిమిషాల తప్పు

ఐస్ హాకీలో తప్పు చేసిన ఆటగాణ్ణి కాసేపు కూచోబెట్టడానికి ఒక చిన్న అద్దాల గది ఉంటుంది. పెనాల్టీ బాక్సు అంటారు. మా ఊరి రింకులో దాని పక్కనే స్కోరు రాసేవాడి బల్ల. నాలుగు చలికాలాలు ఆ బల్ల దగ్గర కూచున్నాను.

ఆంటారియోలో మేముండే ఊళ్లో పెద్దవాళ్ల సరదా లీగు ఒకటుంది. పాతికేళ్ల కుర్రాళ్ల నుంచి అరవై దాటినవాళ్ల దాకా అందులో ఆడతారు. ప్లంబర్లూ, టీచర్లూ, ఒక పళ్ల డాక్టరూ, పిల్లల్ని పడుకోబెట్టి రాత్రి పదింటికి బ్యాగు భుజాన వేసుకుని వచ్చేస్తారు. నాకు స్కేటింగ్ రాదు. ముప్ఫై ఎనిమిదో ఏట మొదటిసారి మంచు మీద నిలబడి వెంటనే కూచున్నవాణ్ణి. మా అబ్బాయి ఆట పుణ్యమా అని రింకు చుట్టూ తిరిగీ తిరిగీ చివరికి స్కోరు రాసే పని ఒప్పుకున్నాను. గడియారం ఆపాలి, గోలు ఎవరు కొట్టారో రాయాలి, పెనాల్టీ పడితే నంబరూ నిమిషాలూ రాసి బాక్సు తలుపు తీయాలి. రెండేళ్లయ్యాక, చేతిరాత బాగుందనో, ఏ టీములోనూ లేననో, లీగు క్రమశిక్షణ కమిటీలో నన్ను మూడోవాడిగా వేశారు. అక్కడ నేను చేసిన ఒక పొరపాటు వల్లే ఈ ఆట చరిత్ర చదవడం మొదలుపెట్టాను. అందుకని దాన్ని కాసేపు పక్కన పెట్టి, ముందు నిమిషాల సంగతి చెప్తాను.

నాలుగు గోడల మధ్య, ముందే పత్రికలో ప్రకటించి ఆడిన మొదటి ఐస్ హాకీ ఆట 1875 మార్చి 3న మాంట్రియల్‌లో, విక్టోరియా స్కేటింగ్ రింకులో జరిగింది. హాలిఫాక్స్ నుంచి వచ్చిన జేమ్స్ క్రైటన్ అనే ఇంజనీరు ఏర్పాటు చేశాడు. జట్టుకి తొమ్మిదిమంది. బంతయితే ఎగిరి చూసేవాళ్లకి తగులుతుందని చెక్కబిళ్ల వాడారు. ఆట బాగానే సాగిందట. అయ్యాక మాత్రం గొడవైంది. బల్లలు విరిగాయనీ, చూడ్డానికొచ్చిన ఆడవాళ్లు భయపడి వెళ్లిపోయారనీ వేరే ఊళ్ల పత్రికలు రాశాయి. అంటే ఆటకెంత వయసుందో గొడవకీ అంతే.

రెండేళ్ల తర్వాత, 1877లో, మాంట్రియల్ గెజిట్ పత్రిక ఈ ఆట రూల్సు అచ్చేసింది. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. ఇంగ్లండులో గడ్డి మీద ఆడే హాకీ రూల్సునే, అంటే మనం చిన్నప్పుడు హాకీ అనుకున్న ఆట రూల్సునే, దాదాపు మాటకి మాట దించుకున్నారు. వెనకనుంచి గుద్దకూడదు, కాలు అడ్డం పెట్టకూడదు, మెడ పట్టుకోకూడదు, తన్నకూడదు. తన్నితే ఏం చేయాలి? బిళ్లని వెనక్కి తెచ్చి ఆట మళ్లీ మొదలుపెట్టాలి. అంతే. తన్నినవాడికి విడిగా శిక్షంటూ లేదు. ఆడేవాళ్లంతా ఒకే క్లబ్బుల పెద్దమనుషులు, రేపు మళ్లీ మొహాలు చూసుకోవాల్సినవాళ్లు. సిగ్గే శిక్ష అనుకున్నారేమో.

ఆ సిగ్గు ఎక్కువకాలం పని చేయలేదు. ఆట మాంట్రియల్ దాటి చిన్న చిన్న ఊళ్లకి పాకింది. ఊరికీ ఊరికీ పంతాలొచ్చాయి, టిక్కెట్లొచ్చాయి, పందేలొచ్చాయి. 1905 ఫిబ్రవరిలో తూర్పు ఆంటారియోలోని మాక్స్‌విల్‌లో అలెన్ లోనీ అనే ఆటగాడు కర్రతో కొడితే, అలెగ్జాండ్రియా జట్టుకి ఆడుతున్న ఆల్సిడ్ లారాన్ చనిపోయాడు. హత్య కేసు పెట్టి, తర్వాత దాన్ని ఒక మెట్టు తగ్గించారు. ఆత్మరక్షణ కోసం కొట్టానన్నాడు లోనీ. జ్యూరీ వదిలేసింది. సుమారు రెండేళ్లకి, 1907 మార్చిలో, అదే ప్రాంతంలోని కార్న్‌వాల్‌లో ఓవెన్ మెకోర్ట్ తలకి దెబ్బ తగిలి మర్నాడు పోయాడు. ఆటావా విక్టోరియాస్ ఆటగాడు చార్లీ మాసన్ మీద కేసు పెట్టారు. ఆ గుంపులో మెకోర్ట్‌ని ఇంకొకరు కూడా కొట్టారనీ, ఏ దెబ్బకి పోయాడో తేలలేదనీ మాసన్‌నీ వదిలేశారు.

ఈ రెండు కేసులూ చదువుతుంటే నన్ను ఆపింది ఆ రెండోదాని తీర్పు. ఎవరి దెబ్బో తేలలేదు. నూరేళ్లు దాటాక, ఇంతకంటే చాలా చిన్న విషయంలో, నేనూ అక్కడే పడ్డాను.

డబ్బులిచ్చి ఆడించే లీగులొచ్చాక శిక్షకి ఒక లెక్క కుదిరింది. 1917లో పుట్టిన నేషనల్ హాకీ లీగు మొదట్లో చిన్న తప్పుకి మూడు నిమిషాలు బయట కూచోబెట్టేది. 1921-22 సీజను నుంచి అది రెండు నిమిషాలైంది. ఇప్పటికీ అంతే. ఆ మరుసటి ఏడాదే చేతులతో కొట్టుకోవడం గురించి విడిగా రూలు రాసుకున్నారు. కొట్టుకున్నవాళ్లని ఆటనుంచి పంపేయకుండా ఐదు నిమిషాలు కూచోబెట్టి మళ్లీ రానిస్తారు. బయటివాళ్లకి వింతగా ఉంటుంది గానీ, లోపలివాళ్లకి ఇది చక్కటి బేరం. ఆ కాసేపూ తప్పు చేసిన జట్టు ఒక మనిషి తక్కువతో ఆడుతుంది, అవతలివాళ్లకి గోలు కొట్టే అవకాశం వస్తుంది. కోచ్ లెక్క వేసుకుంటాడు. వాళ్ల మంచి ఆటగాణ్ణి ఇప్పుడు ఆపడం రెండు నిమిషాల పాటి చేస్తుందా? చేస్తుందనుకుంటే ఆపమంటాడు.

మన భాషలో ఈ సంగతి ఒక్క మాటలో ఉంది. కుల పంచాయితీల్లో పెద్దలు జరిమానా వేస్తే ‘తప్పు వేశారు’ అనేవారు. చేసినవాడు ‘తప్పు కట్టేవాడు’. చేసిన పనికీ, దానికి చెల్లించే వెలకీ ఒకటే పేరు. కట్టేశాక తప్పు లేదు. మా నాయనమ్మ ఊళ్లో మాట వరసగా వాడే ఈ మాట, పెనాల్టీ బాక్సు తలుపు తీస్తూ ఉన్నప్పుడే నాకు నిజంగా అర్థమైంది. రెండు నిమిషాలు కాగానే అతను లేస్తాడు, నేను గడియ తీస్తాను, తప్పు కట్టేసిన మనిషిలా దూసుకుపోతాడు. చాలాసార్లు నాకు థ్యాంక్స్ కూడా చెప్తాడు.

ఇంకో ముచ్చట. 1963 దాకా టొరంటో మేపుల్ లీఫ్ గార్డెన్స్ లాంటి పెద్ద రింకులో కూడా రెండు జట్లకీ కలిపి ఒకటే పెనాల్టీ బాక్సు ఉండేది. కొట్టుకున్న ఇద్దర్నీ పట్టుకొచ్చి ఒకే బెంచీ మీద పక్కపక్కన కూచోబెట్టేవారు! ఆ ఏడాది అక్టోబరులో టెరీ హార్పర్, బాబ్ పుల్‌ఫర్డ్ ఆ బెంచీ మీద కూడా కొట్టుకునేసరికి, నవంబరు కల్లా బాక్సుని రెండుగా విడదీశారు. ఈ ఆలోచన రావడానికి అన్నేళ్లు పట్టిందంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఆటలో వెల కట్టడం కుదరనంత పెద్ద తప్పయితే? అక్కడ ఒకే మనిషి కూచునేవాడు, లీగు అధ్యక్షుడు. 1955 మార్చిలో మాంట్రియల్ వీరుడు మారిస్ రిచర్డ్ ఒక లైన్స్‌మన్‌ని గుద్దాడు. అధ్యక్షుడు క్లారెన్స్ క్యాంప్‌బెల్ రిచర్డ్‌ని ఆఫీసుకి పిలిపించి, అతని మాట విని, ఆ సీజనులో మిగిలిన ఆటలన్నిటికీ, ప్లేఆఫ్స్‌కీ కూడా దూరం పెట్టాడు. మర్నాడు రాత్రి మాంట్రియల్ వీధులు తగలబడ్డంత పని అయింది. ఫ్రెంచి కార్మికుల బిడ్డని ఇంగ్లీషు దొర అణచాడన్న కోపం దాని వెనక ఉంది. క్యాంప్‌బెల్ న్యాయశాస్త్రం చదివినవాడు, యుద్ధం తర్వాత నాజీ నేరాల విచారణల్లో కెనడా తరఫున పనిచేసినవాడు. విచారణ పద్ధతి తెలియనివాడేం కాదు. అయినా జనం నమ్మలేదు. క్లబ్బు యజమానులు పెట్టుకున్న ఉద్యోగి ఆయన. తీర్పు ఎంత సరైనదైనా, చెప్పినవాడు ఎవరి మనిషో అని జనం చూస్తారు.

తర్వాత కోర్టులు మళ్లీ వచ్చాయి. 1969లో ఆటావాలో ఒక స్నేహపూర్వక ఆటలో (పేరుకే) టెడ్ గ్రీన్, వేన్ మాకీ కర్రలతో కొట్టుకున్నారు. గ్రీన్ పుర్రె పగిలింది. ఇద్దరి మీదా పోలీసు కేసులు పెట్టారు, ఇద్దర్నీ కోర్టు వదిలేసింది. 1974లో కుర్రాళ్ల ఆటలో జరిగిన ఒక పెద్ద కొట్లాట తర్వాత ఆంటారియో ప్రభుత్వం విలియం మెక్‌మర్ట్రీ అనే లాయరుని అమెచ్యూర్ హాకీలో హింస మీద విచారణ చేయమంది. ఊళ్లలో ఆడేవాళ్లు టీవీలో చూసే ప్రొఫెషనల్ ఆటనుంచే ఇదంతా నేర్చుకుంటున్నారని ఆయన గట్టిగా రాశాడు. మరుసటి ఏడాది ఆయన అన్న రాయ్ మెక్‌మర్ట్రీ ఆ రాష్ట్రానికి అటార్నీ జనరల్ అయ్యాడు. 1976 ప్లేఆఫ్స్‌లో నలుగురు ఫిలడెల్ఫియా ఆటగాళ్ల మీద కేసులు పెట్టించాడు. 2000లో మార్టీ మెక్‌సోర్లీ, 2004లో టాడ్ బెర్టూజీ కూడా కోర్టు మెట్లెక్కారు. బెర్టూజీ వెనకనుంచి కొట్టిన స్టీవ్ మూర్ మళ్లీ ఆ లీగులో ఆడలేదు.

విలియం మెక్‌మర్ట్రీ మాట నిజమే. అయితే సరదా లీగులోకి వచ్చేసరికి అందులో ఇంకో సంగతి బయటపడుతుంది. మావాళ్లు ప్రొఫెషనల్స్ దగ్గర దెబ్బలతో పాటు శిక్షల పట్టిక కూడా తెచ్చుకున్నారు. అదే రెండు నిమిషాలు, అదే ఐదు నిమిషాలు. కానీ ఇక్కడ జీతం లేదు, కప్పు లేదు, కోచ్ లేడు. గుంజి గుంజి చెప్తే ఓడిపోయినవాళ్లు బీరు కొనాలి, అంతే. రెండు నిమిషాల వెలకి ఇక్కడ అర్థం లేదు. పైగా మా లీగులో ఒంటికి ఒళ్లు తాకించి ఆడకూడదు, అది మొదటి రూలు. తాకి, పడేసి, మణికట్టు విరిగితే సోమవారం పొద్దున ఆ మనిషి సుత్తి పట్టుకోలేడు. అది రెండు జట్ల మధ్య లెక్క కాదు, ఒక ఇంటి అద్దె లెక్క.

ఆటావాలో ఇలాంటి లీగులోనే 2012లో ఇద్దరు గుద్దుకున్నారు. ఒకతని పళ్లు పోయాయి, తలకి దెబ్బ తగిలింది. గుద్దినతనికి క్రింది కోర్టు శిక్ష వేసింది. 2015లో ఆంటారియో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసి, మళ్లీ విచారించమంది. క్రింది కోర్టు సాక్ష్యంలో లేనివి ఊహించుకుందన్నది అందులో ముఖ్యమైన మాట. 2020లో సివిల్ కోర్టు మాత్రం గాయపడినతనికి ఏడు లక్షల డాలర్లకి పైగా ఇప్పించింది. ఆ తీర్పు వచ్చిన నెలలో మా లీగు పెద్దలు ఒక్కసారిగా కమిటీలూ రూల్సూ అనడం మొదలుపెట్టారు. నన్ను వేసుకున్నది కూడా ఆ ఊపులోనే అనుకుంటాను.

ఇక నా పొరపాటు. నా మూడో చలికాలం. ఆట ఇంకో ఇరవై సెకన్లలో అయిపోతుందనగా గోలు ముందు గుంపు కట్టారు. ఎవరో కర్ర ఎత్తి అవతలివాడి చేతి మీద కొట్టాడు. రిఫరీ అద్దం సందులోంచి నాకు నంబరు అరిచాడు. ‘సిక్స్‌టీ’ అన్నాడు. నేను ‘సిక్స్‌టీన్’ అని విన్నాను. ఆ టీములో రెండు నంబర్లూ ఉన్నాయి. టైమయిపోయింది కాబట్టి ఎవరూ వచ్చి బాక్సులో కూచోలేదు. కూచుని ఉంటే తప్పు మనిషని రిఫరీ అక్కడే చూసేవాడు. ఆటయ్యాక షీటు మీద సంతకం పెట్టేసి వెళ్లిపోయాడు. రాత్రి పదకొండున్నరకి ఎవరూ షీట్లు చదవరు.

తర్వాతి వారం కమిటీ ఆ షీటు చూసింది. మేము ముగ్గురం. అందులో ఒకాయన అవతలి టీములో ఆడతాడు. రెండోవాణ్ణి నేను, ఆ షీటు రాసినవాణ్ణి. పావుగంటలో తేల్చేశాం. పదహారో నంబరుకి ఐదు ఆటల సస్పెన్షన్ అని ఈమెయిలు కొట్టాం. తను కాదని ఆయన జవాబు రాశాడు. అందరూ అలాగే అంటారని మావాళ్లలో ఒకాయన అన్నాడు. నేను ఏమీ అనలేదు. నా షీటు నాకు రుజువులా కనపడింది. ఆయన లీగు మానేశాడు, ఆయనతో ఇంకో ముగ్గురు. నెల తర్వాత ఎవరో ఫోనులో తీసిన వీడియో చూపించారు. కర్ర ఎత్తినవాడి వీపు మీద స్పష్టంగా అరవై.

ఫోన్ చేశాను. నేనే తప్పుగా రాశాను, క్షమించండి అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘నువ్వు తప్పు రాశావు, సరే. ఎవరైనా రాస్తారు. నన్నెందుకు అడగలేదు?’ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు వెతికితే దొరికింది, 1992లో కెనడా సుప్రీంకోర్టు చెప్పిన ఒక తీర్పు. హాకీకి ఏ సంబంధమూ లేదు. మానిటోబాలో హటరైట్లని, అన్నీ ఉమ్మడిగా పెట్టుకుని బతికే ఒక క్రైస్తవ మత సమూహం. ఆ కాలనీలో ఒకాయనకీ పెద్దలకీ పందుల మేత తొట్టె పేటెంటు గురించి తగాదా వచ్చింది. ఆయనకి వెలి లాంటి శిక్ష వేశారు, ఒప్పుకోనన్నాడు, సంఘంలోంచే తీసేశామన్నారు. కోర్టు ఆ తీసేయడం చెల్లదంది. సంఘం ఎంత సొంతమైనదైనా ఒకణ్ణి బయటికి నెట్టే ముందు అతనికి సంగతి చెప్పాలి, మాట్లాడే వీలివ్వాలి, ఏ పక్షానా లేనివాళ్లు తేల్చాలి. మేము ఆ మూడూ చేయలేదు. పందుల తొట్టె దగ్గర చేసిన తప్పే రింకు దగ్గర చేశాం.

అయితే 2018లో అదే కోర్టు, ఒక చర్చి ఒకాయన్ని వెలివేసిన కేసులో, ఆస్తి లాంటి చట్టపు హక్కు ఏదీ పోనప్పుడు ఇలాంటి సంఘాల లోపలి గొడవల్లోకి కోర్టులు రావని తేల్చింది. నాకు అర్థమైనంతలో, సరదా లీగులో ఐదు ఆటలు పోయిన మనిషికి వెళ్లడానికి పైన ఏ గుమ్మమూ లేదు. రింకు మేడ మీద గదిలో కూచున్న మా ముగ్గురితోనే ఆఖరు. అది తెలిశాక ఆ గదిలో కుర్చీ అంత తేలిగ్గా అనిపించలేదు.

తప్పు కట్టడం ఒకటి, వెలి ఇంకొకటి. మన ఊళ్లలో పెద్దలకి ఈ తేడా బాగా తెలుసు. జరిమానా కట్టి మర్నాడు నలుగురిలోకి రావచ్చు. వెలివేస్తే నిప్పూ నీళ్లూ పుట్టవు, మంగలి రాడు, చాకలి రాడు. ఆ పంచాయితీలు చేసిన అన్యాయాలు నాకు తెలియనివి కావు. ఎవరి మీద ఎక్కువ పడేదో కూడా తెలుసు. మా లీగు సస్పెన్షన్‌ని దానితో పోల్చడం అతిగా ఉంటుందని ఇక్కడివాళ్లు అంటారు. కానీ భార్య పోయాక వారంలో ఒక్క రాత్రి మాత్రం మనుషుల మధ్యకొచ్చే అరవై ఏళ్లాయన మా లీగులో ఉన్నాడు. ఆయనకి ఆ గురువారం రాత్రి తీసేస్తే ఏం మిగుల్తుందో లెక్క వేయడానికి శిక్షల పట్టిక పనికిరాదు.

నాలుగో చలికాలంలో ఇంకో కేసు వచ్చింది. ఈసారి మణికట్టు నిజంగానే విరిగింది. కొట్టినతను గోడలకి జిప్సం బోర్డులు వేసే పని చేస్తాడు, నలభై ఏడేళ్లు. వారం ముందే కాగితం పంపాం, ఏం ఆరోపణో, ఏ ఆటలోనో, ఎవరు చెప్పారో రాసి. ఆ టీముతో ఆడే సభ్యుణ్ణి పక్కన కూచోమని వేరొకర్ని పిలిచాం. ఆ రాత్రి స్కోరు రాసింది నేను కాదు కాబట్టి ఉన్నాను. వీడియో మూడుసార్లు చూశాం.

అతను జాకెట్టు కూడా విప్పకుండా కూచున్నాడు. ‘అవును, కొట్టాను. విజిలు వేశాక కొట్టాను’ అన్నాడు. మేము ప్రశ్నలు రాసుకుని ఉన్నాం, వాటి అవసరం లేకపోయింది. అతనే మమ్మల్ని ఒకటి అడిగాడు, ‘అతని చెయ్యెలా ఉంది? మళ్లీ పనికి వెళ్తున్నాడా?’ అని. ఇంకో నెల పడుతుందట అని చెప్పాం. తలూపాడు.

సీజను చివరి దాకా సస్పెన్షన్, వచ్చే ఏడాది మొత్తం గమనింపులో ఉండాలని రాశాం. ఎందుకో ఒక పేజీ రాశాం, అతనికి వినిపించాం. సంతకం పెట్టి లేచాడు. తలుపు దగ్గర ఆగి, ‘ఆడను సరే. గురువారాలు వచ్చి పైన గ్యాలరీలో కూచోవచ్చా?’ అన్నాడు.

మేము ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. రూల్సు పుస్తకం తిరగేశాం. డ్రెస్సింగు రూముకి రాకూడదనుంది, బెంచీ మీద కూచోకూడదనుంది. గ్యాలరీ గురించి ఏమీ లేదు.

‘రండి’ అన్నాను నేను. మిగతా ఇద్దరూ కాదనలేదు.